ఇటుక మీద పంటి గాటు

ఈ వారమే కథలోకి అడుగుపెట్టిన వాళ్ల కోసం నాలుగు మాటలు. వరదకు వంతెన కూలి ఒక బస్సు కొట్టుకుపోయి మూడేళ్లయింది. అందులో సీటు రిజర్వు చేసుకున్నవాళ్లలో కొందరు ఇప్పటికీ దొరకలేదు. దొరకనివాళ్లలో ఒకడు మన కథలోని ఆమె భర్త. ప్లాస్టిక్ ఇటుకలతో ఇళ్లూ వీధులూ సొంతంగా కట్టి, ఆ బొమ్మలు సేకరించేవాళ్ల కోసం పెట్టెల్లో పెట్టి పంపేవాడు. వాళ్లు అతన్ని ‘మేస్త్రి’ అనేవారు. ఈ సోమవారం ఆమె కోర్టుకు వెళ్లి, తన భర్త బతికి లేడని ప్రమాణం చేసి చెప్పాలి. ఆ సంగతి మేస్త్రి బొమ్మలకు లెక్క రాసే పళ్ల డాక్టరుకు తెలుసు. “ఫోన్లో చెప్పేది కాదమ్మా, ఒక్కసారి వచ్చి వెళ్లండి” అని ఆయన కబురు చేశాడు. పోయిన వారం ఆమెను ఆయన గుమ్మం ముందు వదిలిపెట్టాం.

తలుపు తీసే ఉంది.

డాక్టరుగారు పళ్లు పీకడం మానేసి చాలాకాలమైంది గాని గది మాత్రం మారలేదు. వెనక్కి వాలే పెద్ద కుర్చీ అలాగే ఉంది. రోగులు పడుకోవలసిన చోట అట్టపెట్టెలు పడుకుని ఉన్నాయి. దాని మీదికి వంగి చూస్తున్నట్టు గుండ్రటి దీపం. గోడల పొడవునా అద్దాల బీరువాలు, వాటి నిండా ఇటుకలతో కట్టిన మేడలు, రైలు స్టేషన్లు, ఒక లైట్‌హౌసు, సగంలో ఆగిపోయిన ఓడ. వీటిలో ఒక్కటీ కంపెనీ అమ్మింది కాదు. కంపెనీ సెట్ల లెక్క కంపెనీయే చూసుకుంటుంది. అభిమానులు కొందరు ఇంట్లో కూర్చుని, ఆ కంపెనీ ముక్కలతోనే తమ బుర్రలోంచి తీసి కట్టి, పాతికో ముప్పయ్యో పెట్టెలు తయారుచేసి తమలో తాము పంచుకుంటారు. వాటికి దిక్కెవరు? ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో, ఇంకా ఎన్ని మిగిలాయో, కొన్నాళ్లు పోతే కట్టినవాడికే గుర్తుండదు. ఆ అనాథలందరికీ నంబరూ పేరూ పుట్టిన సంవత్సరమూ పెట్టి ఏటా ఒక క్యాటలాగు వేసే పని డాక్టరుగారు నెత్తిన పెట్టుకున్నారు. ఎవరూ పెట్టలేదు, తనే పెట్టుకున్నారు.

“రండమ్మా, కూర్చోండి. ఆ పెద్ద కుర్చీలో వద్దు, స్టూలు మీద. ఆ కుర్చీలో కూర్చుంటే ఇప్పటికీ జనం నోరు తెరిచేస్తారు.”

అది హాస్యమని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది. తెలిశాక నవ్వాలి గనక నవ్వింది. పొద్దుటి నుంచి రక్త పరీక్షల సెంటరులో వచ్చినవాళ్లందరి చేతికీ పట్టీ బిగించి, “చీమ కుట్టినట్టుంటుంది అంతే” అని చెప్పి రక్తం తీసి వచ్చింది. ఈ మూడేళ్లలో ఆ మాట ఎన్ని వందలమందికి చెప్పిందో. చెబుతున్నప్పుడు తన గొంతు పక్క గదిలోంచి వస్తున్నట్టుంటుంది.

డాక్టరుగారు పెద్ద కుర్చీ మీద, అట్టపెట్టెల మధ్య కప్పి ఉన్న తెల్లగుడ్డ తొలగించారు. కింద ఒక ఇల్లు ఉంది. రెండు చేతుల్లో పట్టేంత ఇల్లు. పై అంతస్తు ఊడదీసి పక్కన పెట్టారు గనక లోపలంతా కనిపిస్తోంది.

“ముందు మీరు చెప్పండి. ఇదేంటి?”

ఆమె కాసేపు చూసింది. గుమ్మం దాటగానే ఎడమవైపు చెప్పుల అర. వంటగదిలో కిటికీ కింద సింకు. మేడ మీదికి మలుపు తిరిగే మెట్లు.

“మా ఇల్లు” అంది.

“నేనూ అలాగే ఊహించాను. మేస్త్రి కట్టినదే అంటారా?”

“ఆయనదే. మెట్లు అలా మలిచేది ఆయనొక్కడే అని మీరే అనేవారు కదా. పోకముందు కట్టి ఎవరి దగ్గరో ఉంచేసి ఉంటారు.”

“అలా అయితే నాకు గొడవే లేదు. ఆయన పేజీలో ఇంకో వరస చేర్చి పుస్తకం మూసేసేవాణ్ని.” డాక్టరుగారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. “అది పోయినవాళ్ల పేజీ అమ్మా. చుట్టూ నల్ల గీత గీశాను. మా వాళ్లంతా ఆ రోజు ఈ గదిలోనే లేచి నిలబడ్డారు, మీకు గుర్తుందో లేదో.”

ఆమెకు గుర్తుంది. బీరువాల మధ్య ఖాళీ చాలక వాళ్లంతా ఒకరికొకరు తగులుకుంటూ నిలబడ్డారు. ఆమెకు అప్పుడు కాళ్లు నొప్పెట్టాయి. అంతకు మించి ఏమీ గుర్తులేదు.

డాక్టరుగారు స్టీలు ట్రే ముందుకు జరిపారు. అందులో ఒకే ఒక్క ఇటుక ఉంది. బూడిద రంగులోకి ఆకుపచ్చా ఊదా కలిసి, పావురం మెడలా ఉంది.

“ఇది ఆ ముందుగదిలోది. ఇల్లంతా విప్పి గోడ అడుగు వరసలోంచి తీశాను, మళ్లీ కట్టాను. అంత శ్రమపడి ఎవరూ మార్చరు, అంటే కట్టిన రోజు నుంచీ అక్కడే ఉందన్నమాట. ఒక సెట్టు ఎప్పటిదో తేల్చాలంటే మాకు ఒకటే దారి. అందులో అన్నిటికన్నా కొత్త ముక్క ఏదో వెతకడం. ముక్క పుట్టకముందు దాంతో ఎవరూ ఇల్లు కట్టలేరు కదా?”

“కట్టలేరు.”

“కంపెనీ ఈ రంగు వదిలింది నిరుడు. అంతకుముందు భూమ్మీద ఎక్కడా ఈ రంగు ఇటుక లేదు.”

బయట ఎవరో మోటారుసైకిలు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయ్యేదాకా ఆమె ఆ ఇటుకకేసే చూసింది.

“అయితే ఇది ఆయన కట్టింది కాదు” అంది ఆమె. “ఎవరో కాపీ కొట్టారు.”

“నేనూ అక్కడికే వెళ్లాను. ఆయన పోయాక మేస్త్రులు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చారు. నాలాంటివాణ్ని మోసం చేద్దామని మెట్లు కూడా అచ్చం అలాగే మలిచినవాళ్లున్నారు. కాని...” ఆయన సొరుగులోంచి పొడవాటి కాడ ఉన్న చిన్న అద్దం తీశారు. ఎన్నో నోళ్లలో తిరిగిన అద్దం. దీపం కిందికి లాగి, ఇటుకను తిరగేసి, దాని అంచు దగ్గర అద్దం పెట్టారు. “చూడండి.”

అద్దంలో ఇటుక అంచు పెద్దదై కనిపించింది. దాని మీద రెండు నొక్కులు. ఒకటి తిన్నగా, రెండోది దాని పక్కనే ఏటవాలుగా వంకీ తిరిగి.

ఆమె చెయ్యి చాచి ఇటుక తీసుకుంది. బొటనవేలితో అంచు తడిమింది.

అతుక్కుపోయిన రెండు ముక్కల్ని విడదీయడానికి ఒక పనిముట్టు ఉంటుంది. అది ఆయన బల్ల మీద ఎప్పుడూ ఉండేది, ఎప్పుడూ వాడేవాడు కాదు. పంటితో పట్టి టక్కున విరిచేవాడు. ఆ చప్పుడుకు ఆమె వంటగదిలోంచి “మళ్లీనా!” అనేది. ఆయన నోట్లో ఇటుక ఉండగానే “ఊఁ” అనేవాడు.

“ఆ ముందుపన్ను మూల విరిగితే నునుపు చేసింది నేనే. పక్కపన్ను కాస్త తిరిగి ఉంటుంది, తీగ కట్టి సరిచేస్తానంటే వద్దన్నాడు. గాట్లున్న ముక్కలు పెట్టొద్దయ్యా, సేకరించేవాళ్లు గోల చేస్తారు అని ఎన్నిసార్లు చెప్పానో. రంగుని ఎవరైనా కొనొచ్చు. మెట్లు ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆ నోరు ఇంకెవరికీ లేదమ్మా. ఆ నోట్లో నేను వేళ్లు పెట్టి పని చేశాను.”

నిరుడు పుట్టిన ఇటుక. దాని మీద మూడేళ్ల కిందట చనిపోయిన మనిషి పంటి గాటు.

డాక్టరుగారు ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయారు. ఏడుస్తుందనో, పడిపోతుందనో ఆయన ముందే ఒక గ్లాసు నీళ్లు పెట్టుకుని ఉన్నారు. ఆమె ఆ గ్లాసుకేసి చూసింది. దాని అంచున చిన్న పెచ్చు ఊడి ఉంది, చూసుకోకుండా తాగితే పెదవి తెగుతుంది అనుకుంది. పొద్దున నానబెట్టిన యూనిఫాం ఇంకా ఉతకలేదని గుర్తొచ్చింది. అంతే. ఇంకేదైనా వస్తుందేమోనని ఆగింది. రాలేదు.

“ఏమైనా అనండమ్మా.”

“ఏమనాలో తెలియడం లేదండీ.”

“నేను మత్తు ఇంజెక్షను ఇచ్చినప్పుడల్లా ఒక మాట చెప్పేవాణ్ని. కాసేపు వేడిది ఏదీ తాగొద్దు, నోరు కాలినా తెలియదు అని. మీరూ ఇవాళ ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.”

“ఇది క్యాటలాగులో ఎక్కిస్తారా?”

ఆయన చెయ్యి చాచారు. ఇటుకను ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకుని ట్రేలో పెట్టారు.

“ఎక్కించడమే నా పని.”

“ఎక్కిస్తే సంవత్సరం వేస్తారు.”

“వేయకుండా ఎలా?”

“అప్పుడు మీ వాళ్లందరికీ తెలుస్తుంది. సోమవారం నేను కోర్టులో చెప్పేది అబద్ధమని తెలుస్తుంది.”

“చెబుతారా అయితే?” అన్నారాయన, తడబడుతూ. “అంటే... ఇది చూశాక కూడా?”

“మూడేళ్లుగా ఇల్లు ఆయన పేరు మీద, కరెంటు ఆయన పేరు మీద, గ్యాసు ఆయన పేరు మీద. ఎక్కడికెళ్లినా ‘మీ వారిని రమ్మనండి’ అంటారు. రాడండీ అంటే ‘మరి పోయినట్టు కాగితం తెండి’ అంటారు. నేను భార్యనీ కాదు, విధవనీ కాదు. కౌంటరు ముందు నిలబడి పక్కకి జరగమనిపించుకునే మనిషిని.” ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. సూది గుచ్చేముందు మాట్లాడినంత నెమ్మదిగా ఉంది. “ఇది ఎక్కించకండి డాక్టరుగారూ.”

“ముప్పయ్యేళ్లుగా రాస్తున్నానమ్మా. తెలియకపోతే తెలియదని రాశాను. తెలిసి తప్పు రాయలేదు. ఆ మనిషి కోసం నల్ల గీత నా చేత్తో గీశాను. ఆయనకి అది వేళాకోళమైపోయింది. నాకు కోపం రాదా?”

ఆయనకు కోపం వచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. ఆమె ఆ కోపాన్ని కొంచెం ఆశ్చర్యంగా చూసింది. రావలసింది తనకు కదా, ఈయనకు ముందు వచ్చిందేమిటి?

“సోమవారం దాకా ఆగండి” అంది.

“ఆగుతాను. అచ్చుకి ఇంకా టైముంది. కాని అబద్ధం మాత్రం రాయను.”

ఆమె లేవబోయి, ఎందుకో మళ్లీ ఇంట్లోకి తొంగి చూసింది. ఈసారి మెట్లు కాదు, మనుషులున్న చోటు చూసింది. ముందుగదిలో మంచం, దాని మీద ముసలావిడ బొమ్మ. ఆయన ఉన్నప్పుడు అత్తగారి మంచం మేడ మీద ఉండేది. పోయిన వానాకాలం ఆవిడ జారిపడి తుంటి ఎముక విరిగాకే కిందికి దించారు. గోడలకు పావురం మెడ రంగు, నిరుడు తనే వేయించింది. స్నానాలగది గోడకు అడ్డంగా సన్నని వెండిరంగు కడ్డీ. అత్తగారు పట్టుకుని లేవడానికి, ఆస్పత్రి నుంచి వచ్చిన వారం బిగించిన కడ్డీ.

వీధిలో నిలబడి చూస్తే ఇవేవీ కనిపించవు. లోపలికి వస్తేనే కనిపిస్తాయి. లేకపోతే లోపలున్నవాళ్లెవరైనా చెప్పాలి.

వంటగదిలో సింకు దగ్గర ఆడమనిషి బొమ్మ ఒకటి నిలబడి ఉంది. ఆమె వేలితో దాన్ని ఇటు తిప్పింది. ఆ బొమ్మలకు తల మీద కళ్లూ నోరూ అచ్చువేసి ఉంటాయి. దీనికి ఏమీ లేవు. నున్నటి పసుప్పచ్చ తల.

“ఇది మీకు ఎవరిచ్చారు?”

“ఒక పెద్దావిడ” అన్నారు డాక్టరుగారు. “టాక్సీ డ్రైవరు చేత పెట్టె మోయించుకుని వచ్చారు. పేరు అడిగితే చెప్పలేదు. ‘కట్టిందెవరో మీకే తెలుస్తుంది, తెలిశాక ఆయన భార్యకి చెప్పండి, సోమవారం లోపల’ అన్నారు. కూర్చోమంటే కూర్చోలేదు. కూర్చుంటే లేవడం కష్టమన్నారు. చేతిలో నాలుగు కాళ్ల కర్ర ఉంది.”

*

ఆమె ఇంటికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. అత్తగారు మంచం మీద వెల్లకిలా పడుకుని, ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పినట్టు కాలు ఎత్తుతూ దించుతూ ఉంది. ఎత్తినప్పుడల్లా ఆ అమ్మాయిని ఒక తిట్టు తిడుతుంది. అది రోజూ ఉండేదే.

ఆమె చెప్పులు విప్పి, స్నానాలగదిలోకి వెళ్లి చేతులు కడుక్కుని, కడ్డీకేసి ఒకసారి చూసి, వచ్చి మంచం పక్కన కుర్చీలో కూర్చుంది.

“అత్తయ్యా, ఇవాళ పళ్ల డాక్టరుగారింటికి వెళ్లాను.”

గాల్లో ఉన్న కాలు అక్కడే ఆగిపోయింది. తర్వాత మెల్లగా దిగింది.

“కనిపెట్టాడా?” అంది అత్తగారు పైకప్పుకేసి చూస్తూ.

“పంటి గాటు చూసి.”

“వెధవ. చిన్నప్పటి నుంచీ అంతే. పెన్సిళ్లూ కొరికేవాడు.” ఆవిడ కంటి కొసలోంచి ఒక చుక్క జారి చెవిలోకి పోయింది. తుడుచుకోలేదు. “నన్ను లేపి కూర్చోబెట్టు.”

ఆమె చంకల కింద చేతులు వేసి లేపి, వెనక దిండు పెట్టింది. ఎనిమిది నెలలుగా రోజూ చేస్తున్న పనే. చేతులు వాటంతట అవే చేశాయి.

“ఎప్పటి నుంచి తెలుసు మీకు?”

“కాలు విరిగినప్పటి నుంచి. ఆపరేషను అయ్యాక కళ్లు తెరిచాను. నువ్వు డ్యూటీకి వెళ్లావు. ఎదురుగా వాడు కూర్చుని ఉన్నాడు. నేను పోయాననుకున్నానే అమ్మాయ్! పోయినవాడు కనిపిస్తున్నాడంటే నేనూ పోయినట్టే కదా? ‘ఇక్కడ కూడా స్టీలు మంచాలేనా?’ అని అడిగాను వాణ్ని.”

ఇంకెప్పుడైనా అయితే ఇద్దరూ పడిపడి నవ్వేవాళ్లు. అత్తగారి ముఖంలో ఆ నవ్వు తాలూకు ఛాయ ఒకటి వచ్చి పోయింది.

“ఆ బస్సు ఎక్కనే లేదట. ఎక్కకుండా ఎక్కడికి పోయాడో, ఎందుకు పోయాడో నేను అడగలేదు. ఉన్నాడు, చాల్లే అనుకున్నాను. తల్లిని. నాకంతే తోచింది. నువ్వయితే అడిగేదానివి.”

“నాకెందుకు చెప్పలేదు?”

“ఒట్టు వేయించుకున్నాడు. తన తల మీద నా చెయ్యి పెట్టుకుని, నీకు నోటితో చెప్పనని ఒట్టు. బతికొచ్చిన బిడ్డ తల మీద ఒట్టు ఎలా తప్పను?” ఆవిడ దుప్పటి అంచు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. “నోటితో చెప్పనన్నాను. చేత్తో ఇవ్వనని అనలేదు. నువ్వు సోమవారం అక్కడ నిలబడి ప్రమాణం చేస్తావు. ఏదీ తెలియకుండా చేయకూడదనుకున్నాను. చేస్తే తెలిసి చెయ్యి.”

వంటగదిలో ఫ్రిజ్ మోటారు ఆగింది. ఇంట్లో అంతసేపూ చప్పుడు ఉందని అది ఆగాకే తెలిసింది.

“ఫిజియోథెరపీకని టాక్సీలో వెళ్లేదంతా...”

“సగం రోజులు ఫిజియోథెరపీకే” అంది అత్తగారు రోషంగా. తర్వాత గొంతు తగ్గించింది. “ఇల్లు ఎలా ఉందని అడిగేవాడు. మంచం ఎక్కడ వేశారు, గోడలకి ఏం రంగు, కడ్డీ ఎంత ఎత్తులో పెట్టారు. చెప్పేదాన్ని. కట్టి తెచ్చిచ్చాడు. దాచుకో అమ్మా అన్నాడు.”

“నా బొమ్మకి ముఖం లేదు.”

అత్తగారు దుప్పటి అంచు వదిలేసింది.

“ఇప్పుడు నీ ముఖం ఎలా ఉంటుందని అడిగాడు. చెబుదామని చూశాను. కోపంగా ఉంటుందందామంటే ఉండదు. దిగులుగా ఉంటుందందామంటే అదీ కాదు. నాకు చెప్పడం చేతకాలేదు. నీళ్లు కాచి పోస్తావు, మందులిస్తావు, జడ వేస్తావు. కాని నువ్వు ఇక్కడ ఉండవు అమ్మాయ్. ఎక్కడుంటావో నాకు తెలియదు.”

ఆమె తన ముఖాన్ని అరచేత్తో తడుముకుంది. చెంప చల్లగా ఉంది. అది ఎవరి చెంపో అన్నట్టుంది. లోపల ఎక్కడో అడుగున చిన్నగా ఏదో పొడిచింది. మత్తు దిగే ముందు మొదట పొడిచే పోటులా. ఆమె దానికేసి చూడలేదు.

లేచి వెళ్లి బక్కెట్లో నానుతున్న యూనిఫాం తీసి పిండింది. తాడు మీద ఆరేసింది. క్లిప్పులు పెట్టింది. తిరిగి వచ్చి అదే కుర్చీలో కూర్చుంది.

“సోమవారం నేను వెళ్తాను అత్తయ్యా.”

“వెళ్లు.”

“మీ అబ్బాయి చనిపోయాడనే చెబుతాను. బస్సు ఎక్కలేదని నాకు తెలిసినా సరే. నా దగ్గర నుంచి పోయినవాడు పోయినట్టే. డాక్టరుగారు పుస్తకంలో ఏం రాసుకుంటారో రాసుకోనివ్వండి. జైల్లో పెడితే పెట్టనివ్వండి.”

ఆవిడ ఏడుస్తుందని, బతిమాలుతుందని, కనీసం అరుస్తుందని ఆమె అనుకుంది. అత్తగారు ఏదీ చేయలేదు. పక్కనున్న నాలుగు కాళ్ల కర్రను దగ్గరికి లాక్కుని దాని పిడి మీద రెండు చేతులూ పెట్టుకుంది.

“చెప్పమ్మా. నీ ఇష్టం. కాని జడ్జిగారికేసి చూసి చెప్పు, వెనక్కి మాత్రం తిరగకు.”

“ఎందుకు?”

“ఆఖరి బెంచీలో వాడు కూర్చుని ఉంటాడు. నువ్వు ‘పోయాడు’ అంటే లేచి వెళ్లిపోతాడట, మళ్లీ ఈ వైపు రాడట. ఒకవేళ నీకు తెలిసిపోతే వాడు నన్ను చెప్పమన్నది ఇంతవరకే.” అత్తగారు మొదటిసారి కోడలి కళ్లలోకి సూటిగా చూసింది. “చెప్పొద్దన్నది ఒకటుంది. వాడు ఒక్కడే రావడం లేదు.”